మంచు లెక్క – వాన లెక్క



మంచునుగూర్చి ప్రసంగించుటకు విశాఖపట్టణము తగిన చోటు కాదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. మనకు మంచనగా మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున కొండలమీద కమ్ముకొను పొగమంచు. అది గాక, చేపల రేవులో పెట్టెలకెత్తు యంత్రపు మంచుగడ్డ. ఆకాశమునుండి పడి, నేలమీద నెలల తరబడి నిలిచి, ఎండలు ముదిరిన పిదప కరగి నదియై పారు మంచును మన తాతలు మన యూర చూడలేదు, మన మనుమలును చూడబోరు.

ఐనను నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము అదియే. కొండమీద పడిన మంచు కరగినప్పుడు ఎంత నీరు వచ్చునో ముందుగా లెక్కకట్టు విద్య యెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, మంచే యెరుగని మన సీమకు దానితో నేమి చుట్టరికము – ఈ మూడు సంగతులను మనవి చేసెదను. నేను ఇంజనీరును గాను, గణితశాస్త్రజ్ఞుడను గాను. ఉభయభాషాప్రవీణ పరీక్ష నిచ్చి, ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విరమించిన ఉపాధ్యాయుడను. ఈ విషయము నాకు గ్రంథములవలన రాలేదు. ఒక బాలుడడిగిన ప్రశ్నవలన వచ్చినది.

1991వ సంవత్సరమున, పరీక్షలు దగ్గరపడిన రోజులలో, ఎనిమిదవ తరగతివారికి హిమవంతుని వర్ణన చెప్పుచుంటిని. చెప్పుచు చెప్పుచు ఉత్సాహము పట్టలేక, "మన నదులన్నియు హిమవంతుని బిడ్డలే, వేసవిలో మంచు కరగును గనుక ఎండలు ముదిరిన కొలది నదులు నిండి పారును" అంటిని. వెనుకబల్ల మీదినుండి యొక పిల్లవాడు లేచెను. వాని తండ్రికి గోస్తనీనది యొడ్డున కూరగాయల మడి యుండెడిది. "మాస్టారూ, ఎండలకి నదులు నిండుతాయన్నారు గదండీ, మరి మా గోస్తనిలో వైశాఖం వస్తే చెలమలు తవ్వుకుంటామేటండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు జవాబు తెలియదు. తెలియదని యొప్పుకొనుటకు మనసు రాలేదు. "కూర్చోరా, పాఠం మధ్యన అడ్డురాకు" అని కసరితిని. వాడు కూర్చుండెను.

వేసవి సెలవుల తరువాత ఆ బాలుడు బడికి రాలేదు. మడి యెండిపోగా కుటుంబమంతయు కూలిపనులకు తరలిపోయినదని తోడిపిల్లలు చెప్పిరి. వాని ప్రశ్న మాత్రము నాయొద్దనే మిగిలిపోయినది. నాటినుండి చదివినదియు, తెలిసినవారి నడిగి తెలిసికొనినదియు కూర్చి నేడు చెప్పుచున్నాను.

నీటిని కొలుచు విద్య మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారము నెదుట ఒక అరత్ని, అనగా ఇరువదినాలుగు అంగుళముల నోరు గల కుండమునుంచి వానను కొలువవలెనని విధి కలదు. ఏ దేశమున ఎంత వాన పడునో కూడ ఆయన చెప్పెను. జాంగలదేశమునకు పదునారు ద్రోణములు, అవంతికి ఇరువదిమూడు, మన గోదావరీతీరపు అశ్మకదేశమునకు పండ్రెండు పదుమూడు ద్రోణముల దాపు. ఇట్లు దేశదేశమునకు లెక్క చెప్పుచు వచ్చి, పడమటి సముద్రతీరముకడకును హిమాలయ ప్రాంతముకడకును వచ్చునప్పటికి అమితమని చెప్పి విడిచెను. అశ్మకపు వాన కుండమునకు లొంగినది గాని హిమవంతుని సంపద లొంగలేదు. వరాహమిహిరుడును బృహత్సంహితలో హస్తప్రమాణమైన కుండము చెప్పి, ఏబది పలముల నీరు ఒక ఆఢకమనియు, నాలుగాఢకములు ఒక ద్రోణమనియు మానము నేర్పరచెను. ఆయన లెక్కయు వానకే.

పడిన వాన వేరు, పారి చేరిన నీరు వేరు. ఈ భేదము తెలిసిననే గాని చెరువు కట్టరాదు. కడపసీమలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడగు భాస్కరరాయలు 1369లో త్రవ్వించెను. ఆ చెరువు శాసనమున మంచి చెరువునకు పండ్రెండంగములు చెప్పబడినవి. జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు అందొక యంగము. మూడు యోజనముల పొడవున పారివచ్చు తియ్యని నీటి యేరు మరియొక యంగము. ఏరు ఎంత దూరమునుండి వచ్చుచున్నదో చూచిననే గాని చెరువు నిండునా లేదా యని చెప్పరాదను తెలివి ఆ మాటలో నున్నది. నేటి ఇంజనీర్లు పరీవాహక ప్రాంతమను దానిని వారు యోజనములతో చెప్పిరి. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టిన ఆ చెరువు ఈ తెలివిమీద కట్టినది.

ఐనను ఇవన్నియు సామాన్య నియమములు. ఈ యూరిలో, ఈ దినమున, ఇంత వాన పడినదని దినదినమును వ్రాసియుంచు అలవాటు తరువాతి కాలపుది. ఆ యలవాటునకు మన విశాఖపట్టణము పెట్టినది పేరు. శ్రీ గోడే వెంకట జగ్గారావుగారు 1817లో జన్మించిన జమీందారు. మద్రాసు నక్షత్రశాలలో టెయిలరు దొర యొద్ద జ్యోతిర్గణితమభ్యసించి, 1840లో డాబాగార్డెన్సులోని తమ నివాసమున సొంత ధనముతో నక్షత్రశాల స్థాపించిరి. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. గ్రహణములను, బుధశుక్రుల సూర్యసంక్రమణములను చూచుటయే గాక, తాపమును, గాలియొత్తిడిని, వానను కొలిచి ఫలితములను ప్రకటించిరి. ఆయన 1892లో స్వర్గస్థులైరి. నేడు డాబాగార్డెన్సులో బస్సు దిగి అంగళ్లకు పోవువారిలో ఈ సంగతి యెరిగినవారెందరు? గ్రహణమును చూచుట వేడుక. దానికి జనము గుమిగూడుదురు. వానపాత్రలోని నీటిని ప్రతిదినము ప్రొద్దుటనే కొలిచి వ్రాయుట వేడుక కాదు. దానిని చూడ నెవ్వరును రారు. మన లెక్కలన్నియు అట్టి యెవ్వరును చూడని పనిమీదనే నిలిచియున్నవి.

ఇప్పుడు మంచు మన కథలోనికి వచ్చును. అది వచ్చినది నదిమార్గమున గాదు, కరవుమార్గమున.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవును మన పెద్దలు ధాత కరవని పిలిచిరి. లక్షలకొలది ప్రజలు మరణించిరి. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికి తెలియునని మన సామెత. కాని యింత చావు చూచిన పిమ్మట, వాన రాకడ ముందుగా తెలిసికొనక తప్పదను పట్టుదల ప్రభుత్వమునకు కలిగెను. 1875లో ఏర్పడిన భారత వాతావరణశాఖకు అధికారి హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డు. ఆయన అనేక సంవత్సరముల వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, హిమాలయములందు శీతకాలమున మంచు మిక్కుటముగా, ఆలస్యముగా పడిన యేట పొడిగాలులు ముదిరి దేశమున వానలు వెనుకబడుచున్నవని 1884లో ప్రకటించెను. 1886నుండి ప్రతివర్షమును ఋతువునకు ముందే వానజోస్యము ప్రభుత్వపక్షమున వెలువడసాగెను.

ఇచ్చట ఒక్క నిమిషమాగి ఆలోచింపుడు. గంగాయమునా సట్లెజ్ నదుల యొడ్డువారికి కొండమీద మంచు హెచ్చిన నీరు హెచ్చును. బ్లాన్‌ఫర్డు చెప్పినదాని ప్రకారము అదే మంచు హెచ్చిన మనకు వాన తగ్గును. ఒకరికి నిధియైనది మరియొకరికి లోటు. మంచు మన నదిలోనికి రాకపోయినను, మన కరవును ముందుగా తెలిసికొనుటకు ఆనాటివారు మంచునే యడిగిరి.

ఆ జోస్యము ఎల్లప్పుడు ఫలింపలేదు. 1899లో బ్లాన్‌ఫర్డు తరువాతి యధికారి ఇలియట్టు వానలు బాగుండునని చెప్పెను. ఆ యేడే వానలు ఘోరముగా తప్పి మహాక్షామము వచ్చెను. 1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్టు వాకరు కేంబ్రిడ్జి గణితపండితుడు. మంచొక్కటియే చాలదని, మారిషసు, దక్షిణ అమెరికా మొదలగు దూరదేశముల గాలియొత్తిడులను కూడ చేర్చి లెక్కకట్టెను. ఆ వెదకులాటలోనే, పసిఫిక్కు సముద్రపు గాలియొత్తిడియు హిందూసముద్రపు గాలియొత్తిడియు త్రాసుతట్టలవలె ఒకటి లేచిన ఒకటి దిగునను మహాసత్యము కనుగొనెను. నేడు ఎల్‌నినో అని పత్రికలలో చదువుచున్నదానికి ఇది తోడబుట్టినది. హిమాలయపు మంచు మాత్రము తరువాతి దశాబ్దములలో జోస్యమునకు మునుపటివలె సరిపడక, ఆ సూత్రములనుండి తొలగింపబడెను. 1976లో హాన్, శుక్లా అను శాస్త్రజ్ఞులు యూరపు, ఆసియాఖండముల విశాలమైన మంచుకప్పును ఉపగ్రహచిత్రములలో చూచి, బ్లాన్‌ఫర్డు మాటయందలి సారమును మరల ముందుకు తెచ్చిరి.

వాన జోస్యమునకు మంచు సాక్షిగా పనిచేసిన కథ అది. ఇక మంచునే నీరుగా లెక్కపెట్టిన కథ వినుడు. దానికి నాయకుడు ఇంజనీరు కాడు, నావలె భాషాపండితుడు. ఆ మాట చదివిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు.

అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయమున జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ అను నాయన లాటిను భాషోపాధ్యాయుడు. పాఠము చెప్పి యింటికి పోక, శీతకాలమున కొండలెక్కుట ఆయనకు వ్యసనము. రీనో పట్టణమునకు దాపున మౌంట్‌రోజ్ అను 10,700 అడుగులకు పైబడిన శిఖరము కలదు. దానిపై 1905లో పరిశీలనశాల నేర్పరచెను. ఆ ప్రాంతముననే టాహో అను పెద్ద సరస్సున్నది. వసంతమున కొండల మంచు కరగి సరస్సు పొంగును. గట్టున ఇండ్లు గలవారు ఇండ్లు మునుగుచున్నవనియు, దిగువన నీరు వాడుకొనువారు నీరు నిలువయుంచవలెననియు తగవులాడుచుండిరి. ఈ యేడు సరస్సెంత పెరుగునో ముందుగా తెలిసినచో తగవే లేదు. తెలియుట యెట్లు?

మంచు లోతు చూచిన తెలియదు. అప్పుడే పడిన మంచు దూదివలె తేలికయైనది. పది అంగుళముల క్రొత్తమంచు కరగిన రమారమి ఒక్క అంగుళము నీరు మాత్రమే వచ్చును. అదే మంచు నెలలకొలది నిలిచి అణగిన పిమ్మట మూడింతలు నాలుగింతల నీరిచ్చును. కావున లోతు కాదు, తూకము కావలెను. చర్చి పండితుడు ఒక పొడవైన గొట్టమునకు అంచున పండ్లు పెట్టించి, దానిని నేల తగులువరకు మంచులోనికి త్రిప్పి దింపి, గొట్టముతో వచ్చిన మంచును త్రాసున తూచెను. ఆ తూకమునుబట్టి నీటి అంగుళములు తెలిసినవి. ఏటేట అవే స్థలములలో తూచి, ఈ యేటి మంచు సగటు యేటిలో నూటికి ఎన్నవ వంతో చూచి, సరస్సు పెరుగుదలయు సగటులో అన్నవ వంతు ఉండునని చెప్పెను. చెప్పినది జరిగినది, తగవునకు దారి దొరికినది. ఆయన పద్ధతి దేశదేశములకు ప్రాకినది. ఇందు గొప్ప గణితమేమియు లేదు. ఒక గొట్టము, ఒక త్రాసు, ప్రతి సంవత్సరము అదే చోటికి చలిలో నడచిపోవు ఓపిక – ఇంతే.

మొత్తము నీరెంతయో ఇట్లు తెలిసినను, ఏ దినమున ఎంత వచ్చునో తెలియవలెను గదా. దానికి వేడిమియే కొలత. నీరు గడ్డకట్టు సున్నా డిగ్రీకి పైన గాలి ఎన్ని డిగ్రీలు వెచ్చబడినదో చూచి, ఒక్కొక్క డిగ్రీకి దినమునకు ఇన్ని మిల్లీమీటర్ల మంచునీరు కరగునని లెక్కింతురు. అది చోటునుబట్టి, కాలమునుబట్టి రమారమి 2 మొదలు 6 మిల్లీమీటర్ల వరకు నుండును. ఉదాహరణమునకు, డిగ్రీకి 4 మిల్లీమీటర్లనుకొని, దినపు సగటు వేడిమి 5 డిగ్రీలైనచో, 20 మిల్లీమీటర్ల నీరు. మంచు నూరు చదరపు కిలోమీటర్లు కప్పియున్న, ఒక్కదినమున 20 లక్షల ఘనమీటర్లు. కొండ యెక్కిన కొలది కిలోమీటరునకు ఆరు ఆరున్నర డిగ్రీలు చల్లబడును గనుక, కొండను మెట్లుమెట్లుగా విభజించి ఒక్కొక్క మెట్టునకు వేరుగా లెక్క కట్టవలెను. 1975లో మార్టినెక్ అను శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని ఉపగ్రహములు చూపు మంచువిస్తీర్ణముతో జోడించుటకు వీలగునట్లు తీర్చెను.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు చేరువైతిమి. హిమాలయములలో సూర్యుడు వేడిచేసిన నీరు వచ్చును. మన తూర్పుకనుమలలో అదే సూర్యుడు వేడిచేసిన నీరు పోవును. ఈ రెండవ మాటను సూత్రముగా చెప్పినవారు అయోధ్యానాథ ఖోస్లాగారు. ఆయన కేంద్ర జలమార్గ, నీటిపారుదల, నౌకాయాన సంఘమునకు మొదటి అధ్యక్షుడు. మంచునీటితో నిండు భాక్రా ఆనకట్టకును పాటుపడిన ఇంజనీరు. తరువాత ఒరిస్సా గవర్నరు. నెలకు పడిన వానలోనుండి, ఆ నెల సగటు వేడిమిని 0.48తో హెచ్చింపగా వచ్చిన సెంటీమీటర్లను తీసివేసిన, మిగిలినది పారు నీరని 1949 ప్రాంతమున ఆయన చెప్పెను. చల్లని నెలలకు లెక్క వేరు. మన యూరికి ఆ యవసరము లేదు.

విశాఖపట్టణమున ఆశ్వయుజమాసపు సగటు వేడిమి 28 డిగ్రీలనుకొందము. నష్టము రమారమి 13.4 సెంటీమీటర్లు. ఆ నెల 20 సెంటీమీటర్ల వాన పడినచో 6.6 సెంటీమీటర్లు పారి చెరువు చేరును. వైశాఖమాసపు వేడిమి 31 డిగ్రీలనుకొందము. నష్టము 14.9. ఆ నెల 6 సెంటీమీటర్ల వాన పడినను చెరువునకు చుక్కయు రాదు. ఎండినభూమియు ఎండయు త్రాగివేయును. హిమవంతుని యింట సూర్యుడు తలుపు తీయును. మన యింట తలుపు మూయును. అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చి భీమునిపట్టణముకడ సముద్రమున కలియు గోస్తనికి పైన మంచు నిధి లేదు. దానికి వానయే తల్లి, వానయే తండ్రి. అందుకే వైశాఖమున చెలమలు. బాలుడు చూచినది సత్యము. నేను చెప్పినది పుస్తకములోని యుత్తరదేశపు సత్యము. పరదేశపు సూత్రమును మన నేలమీద పరచినందుకు నాకు ప్రాప్తించిన సిగ్గు అది.

ఇక తెలుగుదేశమునకు మంచులెక్కతో ప్రత్యక్షమైన చుట్టరికమును చెప్పెదను. హైదరాబాదు బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. 1980 ప్రాంతమునుండి అచ్చటి శాస్త్రజ్ఞులు సట్లెజ్ నదీపరీవాహకమున మంచు కప్పిన విస్తీర్ణమును ఉపగ్రహచిత్రములలో కొలిచి, భాక్రా జలాశయమునకు వేసవిలో ఎంత నీరు వచ్చునో ముందుగా తెలుపుచున్నారు. 1963లో పూర్తియైన భాక్రాకు చేరు నీటిలో సగమునకు పైగా మంచును హిమానీనదములును ఇచ్చునదే. జూను మాసాంతము వరకు వచ్చునది ముందుగా తెలిసినచో, విద్యుత్తునకు ఎంత వదలవలెనో, పైరులకు ఎంత దాచవలెనో, వరదకు ఎంత చోటుంచవలెనో తెలియును.

పైనుండి చూచునప్పుడు ఒక చిక్కు కలదు. మేఘము తెలుపు, మంచును తెలుపు. రెండును ఒకటిగా కనబడును. కాని మన కన్నులకు కనబడని ఒకానొక పరారుణకాంతిలో మేఘము ప్రకాశించును, మంచు నల్లబడును. హంస పాలను నీటిని విడదీయునందురు. ఈ యంత్రనేత్రము తెలుపునుండి తెలుపును విడదీయును. హైదరాబాదులో ఎండ నలువది డిగ్రీలు దాటినవేళ ఒక గదిలో కూర్చుండి హిమాచలపు మంచును లెక్కపెట్టువారిని తలచుకొనిన, కౌటిల్యుడు అమితమని విడిచినదానిని తెలుగుగడ్డమీద మితము చేసిరి గదా యనిపించును. ఐనను ఆ చిత్రములు వానియంత మాటలాడవు. ఇంత విస్తీర్ణమున మంచుండగా వెనుకటి యేండ్లలో నదికి ఎంత నీరు వచ్చినదో వ్రాసియుంచిన పట్టికలతో పోల్చిననే వానికి నోరు వచ్చును.

వాననదులకును అంతే. బొంబాయి రాజధానిలోని స్ట్రేంజి అను ఇంజనీరు వాననుబట్టి పారుదల చెప్పుటకు పట్టికలు వ్రాసెను. అందు భూములను మంచివి, మధ్యమములు, చెడ్డవి అని మూడు తరగతులు చేసెను. మంచిభూమియన వాననీటిని త్రాగక పారవిడుచు భూమి. చెడ్డదన త్రాగివేయు భూమి. మన రైతు నడిగిన ఈ పేర్లు తారుమారు చేసెడివాడే! మద్రాసు రాజధానికి రైవ్స్ అను నాయన 1884లో వరదసూత్రము చెప్పెను. సముద్రతీరమునకు ఒక గుణకము, లోపలి నేలకు ఒకటి, కొండలచెంతకు మరియొకటి. ఒకే రాజధానిలో మూడు గుణకములు పెట్టవలసివచ్చెనన్న, నేల నేలకును స్వభావమెట్లు మారునో ఊహింపుడు.

లెక్క వ్రాసియుంచుటవలన కలుగు ఫలమునకు కృష్ణానది సాక్షి. బెజవాడ ఆనకట్టయొద్ద 1894నుండి నీటిలెక్క లభించుచున్నది. కృష్ణజలములకై మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రరాష్ట్రములు వివాదపడగా 1969లో బచావత్ న్యాయమూర్తి అధ్యక్షతన న్యాయస్థానమేర్పడినది. ఆ న్యాయస్థానము 1894 మొదలు 1972 వరకు 78 యేండ్ల పట్టిక నెదుట పెట్టుకొని, నూటికి డెబ్బదియైదు వంతుల యేండ్లలో తప్పక వచ్చు నీరు 2,060 శతకోటి ఘనపుటడుగులని నిర్ణయించెను. ఆంధ్రకు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560. కోట్లకొలది ప్రజల అన్నము పంచిన ఆ తీర్పునకు ఆధారము, ఎండలో వానలో ఆనకట్టమీదికి పోయి మట్టపురాయి చూచి అంకె వ్రాసిన చిన్నయుద్యోగుల చేతివ్రాత. వారి పేర్లు ఏ శాసనమునను లేవు.

మన పట్టణమునకు వత్తము. 1933లో ఓడరేవు తెరచునాటికి ఇది చిన్నయూరు; ముడసరలోవ జలాశయము ఆనాటి దాహమునకు ఆధారములలో నొకటి. జనము పెరిగిన కొలది దూరమునకు పోవలసివచ్చెను. గోస్తనిపై తాటిపూడి, తరువాత మేఘాద్రిగెడ్డ, శారదానదిపై రైవాడ. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికంకితమైన ఉక్కుకర్మాగారమునకు ఏలేరు జలాశయమునుండి రమారమి 150 కిలోమీటర్ల కాలువ త్రవ్వి కణితి జలాశయమునకు నీరు తెచ్చిరి. ఇనుము కరగు కొలిమి నిప్పుతో నడచునని మనమనుకొందుము. చల్లబరచు నీరు లేనిదే అది నిలువదు. ఏలేరు చాలని వేళల గోదావరి నీటిని తోడి ఆ కాలువకు చేర్చు ఏర్పాట్లును జరిగినవి. ఈ నీళ్లలో ఒక్కచుక్కయు మంచునీరు కాదు. గోదావరియు పడమటికనుమల వానకు పుట్టిన నదియే. కావున వాన తప్పిన యేట మన పైన ఏ హిమవంతుడును నిలువచేసి యుంచలేదు. మంచు గలవారికి కొండయే చెరువు. మనకు చెరువే కొండ. ఆ చెరువులో పూడిక చేరనిచ్చిన, దానికి వచ్చు గెడ్డను మూసి యిండ్లు కట్టిన, మన హిమాలయమును మనమే కరగించుకొనుచున్నాము.

కడపట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఆ బాలుడు వెళ్లిన మరుసటి యేడు బడియావరణమున ఒక వానపాత్ర నుంచితిని. ప్రతిదినము ఎనిమిదిన్నర గంటలకు ఒక విద్యార్థి కొలుచును, ఒక విద్యార్థి వ్రాయును, నేను చూచి సంతకము చేయుదును. వాన లేనినాడు సున్నా వ్రాయవలెను. సున్నా వ్రాయుటకు పిల్లలు విసుగుకొనెడివారు. సున్నాయే కరవు చరిత్ర యని వారికి చెప్పెడివాడను. ఇట్లు పదునేడేండ్లు నడచినది. నాకు వేరొక యూరికి బదిలీ యైనది. మూడేండ్లకు తిరిగి చూడబోవునప్పటికి గదులు మార్చి కట్టినారు. పాతకాగితములతోపాటు ఆ పుస్తకములును తూకమునకు పోయినవి. అమ్మినవారిని నేను నిందింపను. అవి పాత హాజరుపట్టీల అట్టలలో కుట్టిన పుస్తకములు. లోపల నేమున్నదో అట్టమీద నేను వ్రాయలేదు. ఒక ప్రతి తీసి మరియొక చోట దాచలేదు. పదునేడేండ్ల వాన ఒక్క మధ్యాహ్నమున పోయినది. పోయిన వాన మరల కురియవచ్చును. పోయిన లెక్క మరల దొరకదు.

శ్రోతలలో ఉపాధ్యాయులున్నచో వారికి నా మనవి. నేరుగా నిలిచిన గోడలుగల డబ్బా యొకటి, అంగుళముల కొలబద్ద యొకటి, చెట్లనీడ పడని చోటు, ఒక పుస్తకము – ఇంతకన్న నేమియు నక్కరలేదు. అట్టమీద పెద్దయక్షరములతో ఊరిపేరు, సంవత్సరము వ్రాయుడు. రెండు ప్రతులుంచుడు. సున్నాలు మానకుడు.

ఇక ఆ బాలునకు ఒక్కమాట. నీవు నేడు నడివయస్సువాడవై యుందువు. ఏ యూర నున్నావో నాకు తెలియదు. నాయనా, ఆనాడు నీవడిగిన ప్రశ్న సరియైనది. గోస్తనికి మంచు లేదు. ఎండ మనకు నీరిచ్చునది కాదు, పుచ్చుకొనునది. పాఠమునకు అడ్డువచ్చినవాడవు నీవు కావు, నేను. ఈ జవాబు నీ చెవిని బడునేని, కూర్చుండుమన్న మాటను మన్నించి లేచి నిలువుము.

స్వస్తి.